టెండరు కవర్లో ఎంత రాయాలి?

ప్రశ్న: అన్నా, నాది కడప. బస్టాండుకు దగ్గర్లో చాలా ఏళ్లుగా బండి మీద కారం దోసెలు వేస్తున్నా. అక్కడే ఒక కాంప్లెక్సులో రూముకు సీల్డ్ టెండరు పిలిచారు. కనీస అద్దె నెలకు 8 వేలు, మూడేళ్ల లీజు. ఖర్చులు పోను ఒక్కో దోసె మీద నాకు 12 రూపాయలు మిగులుతుంది, నెలకు 26 రోజులు పని. 18 వేల దాకా కట్టగలనేమో అనిపిస్తోంది. ఎంతమంది కవర్లు వేస్తారో తెలీదు, ఒకరు ముగ్గురంటారు, ఇంకొకరు పదిమందంటారు. మా బావ ‘భయపడితే రూము పోతాది, 18 రాసెయ్’ అంటాడు. మా నాయన ‘ఆ కాంప్లెక్సుకు జనం వస్తారో రారో, 10 దాటొద్దు’ అంటాడు. గేమ్ థియరీ (ఎదుటివాడి ఎత్తును లెక్కలో పెట్టుకుని మన ఎత్తు వేసే శాస్త్రం) మీద ఒక వీడియో చూశా, ఎదుటివాడు ఎంత వేస్తాడో దానికి సంభావ్యత పెట్టుకోమన్నారు. ఎవరో కూడా తెలీని మనిషికి సంభావ్యత యాడ నుంచి తెచ్చి పెట్టాలి? ఒకాయన వచ్చి ‘రింగు అవుదాం, నువ్వు కవరు వెయ్యొద్దు, నీకు కొంత ఇస్తాం’ అని కూడా అన్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎంత రాయాలో చెప్పు.

సమాధానం: తమ్ముడూ, ముందు రింగు సంగతి తేల్చేద్దాం. ఆ డబ్బు ముట్టుకోవద్దు. టెండరులో కుమ్మక్కు కావడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద నేరుగా నిషేధం. పైగా సీల్డ్ కవర్ల ఆటలో రింగు నిలబడడం కూడా కష్టమే, ఎందుకంటే అందరూ తక్కువ రాస్తామని మాటిచ్చుకున్నాక, ఆ మాట తప్పి వంద రూపాయలు ఎక్కువ రాసినవాడికే రూము వస్తుంది, కవరు విప్పేదాకా వాడి సంగతి ఎవరికీ తెలియదు. బహిరంగ వేలంలోనైతే మాట తప్పినవాడు అక్కడికక్కడే దొరికిపోతాడు, వెంటనే మిగతావాళ్లు పాట పెంచేస్తారు. నీకు డబ్బు ఇస్తామన్న మనిషి అదే మాట ఇంకా ఎంతమందితో అన్నాడో నీకు తెలీదు.

ఇక అసలు విషయం. మీ బావ, మీ నాయన ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెబుతున్నారని నువ్వు అనుకుంటున్నావు. నేను ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే వాళ్లిద్దరూ వేర్వేరు విషయాలకు భయపడుతున్నారు. మీ బావకు పోటీదారులంటే భయం, ఎవరు ఎంత రాస్తారో తెలీదని. మీ నాయనకు రూమంటే భయం, అందులో వ్యాపారం ఎంత జరుగుతుందో తెలీదని. మొదటి భయం కవర్లో అంకెను పైకి తోస్తుంది, రెండోది కిందికి లాగుతుంది. ఈ రెండిటినీ కలిపి 18కీ 10కీ మధ్యలో ఒక 14 రాద్దామనుకుంటే అది ఏ లెక్కకూ రాని అంకె అవుతుంది. రెండూ విడివిడిగా తేల్చుకోవాలి, అదీ మీ నాయన భయంతో మొదలుపెట్టి.

ఆయన అడుగుతున్నది నువ్వు తిరిగితే తెలిసే విషయం. 18 వేల అద్దెను 26 రోజులకు పంచితే రోజుకు 692 రూపాయలు, అంటే అద్దె కోసమే రోజుకు 58 దోసెలు. అదీ ఇప్పుడు బండి మీద అమ్ముతున్న వాటికి అదనంగా, ఎందుకంటే బండి మీద వచ్చేది ఇప్పటికే ఇంట్లో ఖర్చవుతోంది కదా. కరెంటు, ఇంకో మనిషి జీతం, కట్టి ఉంచే డిపాజిట్ ఇవన్నీ ఇంకా కలపలేదు. ఈ 58 దోసెలు అక్కడ పోతాయా? వారం పాటు పొద్దున ఆరు నుంచి పది దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఆ కాంప్లెక్సు ముందు నీ మనిషిని ఎవరినైనా నిలబెట్టు. ఎంతమంది నడిచిపోతున్నారు అన్నది అంత ముఖ్యం కాదు, పక్కన ఉన్న టీ కొట్టు దగ్గర ఎంతమంది ఆగుతున్నారు అన్నది రాసుకోమను. ఆదివారం వేరుగా, వాన పడితే ఆ రోజు వేరుగా. బస్సు దిగినవాళ్లు ఆ వైపు వస్తున్నారా, లేక ఆటోలు అవతలి గేటు దగ్గర ఆగడం వల్ల అటే పోతున్నారా చూడు. షట్టరు ముందు పెనం పెట్టుకోనిస్తారా, లోపలే పెట్టుకోమంటారా అడుగు. కారం దోసె వాసన రోడ్డు మీదికి రాకపోతే నీ గిరాకీలో సగం పోతుంది, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఏటా అద్దె పెంచే షరతు ఏమైనా ఉందేమో టెండరు కాగితాల్లో చూసుకో. ఈ పని అయ్యాక నీ 18 వేలు 18 గానే ఉండొచ్చు, 15కు దిగొచ్చు. ఏదైనా సరే, అది నీ పైహద్దు. దాన్ని కాగితం మీద రాసి మీ నాయన చేతికి ఇచ్చెయ్యి.

ఈ హద్దును ఇంకొంచెం తగ్గించుకోవాల్సిన కారణం ఒకటుంది. మన వైపు పంచాయతీల్లో చింత చెట్ల ఫలసాయం వేలం వేస్తారు చూడు, చెట్టు మీద కాయ ఎంతుందో పాటదారులందరూ కింది నుంచి చూసి అంచనా వేస్తారు. చెట్టు మీదున్న కాయ అందరికీ ఒకటే, అంచనాలే వేరు. అందరికంటే ఎక్కువ పాడింది ఎవరు? అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడు, అంటే చాలాసార్లు అందరికంటే ఎక్కువగా పొరబడినవాడు. దీన్ని విజేత శాపం అంటారు. 1971లో ఒక అమెరికన్ చమురు కంపెనీ ఇంజనీర్లు ముగ్గురు గల్ఫ్ ఆఫ్ మెక్సికో లీజుల వేలాల గురించి ఇదే రాశారు, సముద్రం అడుగున చమురు ఎంతుందో తెలీకుండా పోటీలు పడి గెలిచిన కంపెనీలకు పెట్టిన డబ్బుకు తగ్గ ఆదాయం రాలేదని. ఇలాంటి వేలాల మీద పనిచేసిన రాబర్ట్ విల్సన్‌కు, ఆయన శిష్యుడు పాల్ మిల్‌గ్రోమ్‌కు 2020లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నీ విషయంలో నీ చేతి రుచి నీ సొంతం, దాని విలువ పక్కవాడి అంచనాతో మారదు. కానీ ఆ కాంప్లెక్సుకు వచ్చే జనం మాత్రం అందరికీ ఒకటే. కాబట్టి హద్దు రాసుకునే ముందు ‘నేను గెలిచానంటే మిగతావాళ్లంతా ఈ రూముకు ఇంతకంటే తక్కువే అనుకున్నారన్నమాట, వాళ్లు చూసిందేమిటి, నేను చూడనిదేమిటి’ అని నిన్ను నువ్వు ఒకసారి అడుగు.

ఇప్పుడు మీ బావ భయం. ఇది అసలైన గేమ్ థియరీ, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదువు. మీ బావ చెప్పినట్టు హద్దే రాసేస్తే గెలిచినా నీకు మిగిలేది సున్నా, కాబట్టి 18 రాయడం ఏ లెక్కలోనూ సరి కాదు. హద్దు కంటే ఎంత కిందికి రావాలన్నదే ప్రశ్న. సీల్డ్ టెండర్లకు ఈ లెక్కను విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో వేసి చూపించాడు (ఆయనకు నోబెల్ ప్రకటించింది 1996లో, ప్రకటించిన మూడు రోజులకే కన్నుమూశాడు పాపం). పోటీదారుల హద్దులు 8 వేల నుంచి 20 వేల మధ్య ఎక్కడైనా సమానంగా ఉండొచ్చు అనుకుందాం. నీ హద్దు 18. కనీస ధర మీద నీకు 10 వేల జాగా ఉంది. పోటీదారు ఒక్కడే ఉంటే కనీస ధరకు ఆ జాగాలో సగం కలిపి, అంటే 13 వేలు రాయాలి. ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, 14,667. నలుగురుంటే అయిదింట నాలుగు వంతులు, 16 వేలు. పోటీ పెరిగేకొద్దీ హద్దుకు దగ్గరవుతావు, అంతే.

ఒక్క పోటీదారు ఉన్నప్పుడు 13 రాసి, అవతలివాడు కూడా ఇదే లెక్కతో రాస్తే, నీ గెలుపు అవకాశం వందకు 83. గెలిస్తే నెలకు 5 వేలు మిగులు. అదే 14 వేలు రాస్తే గెలుపు ఖాయం, ఎందుకంటే 20 వేల హద్దున్నవాడు కూడా ఆ లెక్కలో 14 దాటడు, మిగులు 4 వేలు. సగటున చూస్తే మొదటిది 4,167, రెండోది 4,000. తేడా 167 రూపాయలే. రూము పోకుండా ఉండడానికి 167 ఇన్సూరెన్స్ అనుకుని 14 రాసేవాణ్ని నేను తెలివితక్కువవాడు అనను, వాడికి నష్టం భరించే ఓపిక తక్కువ, అంతే. మీ బావ మాటలో ఉన్న న్యాయం ఇది.

కానీ ఆటలో నువ్వొక్కడివే లేవు, అవతలివాడికీ ఒక బావ ఉంటాడు. వాడూ ఇదే భయంతో అంకె పెంచుతాడు, వాడు పెంచుతాడని నువ్వు, నువ్వు పెంచుతావని వాడు. భయాన్ని ఒక మోస్తరు కొలతతో లెక్కలో పెడితే (నాలుగు రెట్ల లాభం కూడా రెండు రెట్ల సంతోషమే ఇచ్చే మనిషి అనుకో), ఇద్దరే ఉన్న ఆటలో నువ్వు రాసేది 13 నుంచి 14,667కు పోతుంది. అప్పుడు నీ గెలుపు అవకాశం ఎంత? అదే 83. కొంచెం కూడా పెరగలేదు, ఎందుకంటే అవతలివాడూ అంతే పెంచాడు. ఎవరి అవకాశమూ మారలేదు, అద్దె మాత్రం నెలకు 1,667 పెరిగింది, ఏడాదికి 20 వేలు, మూడేళ్లకు 60 వేలు. నీ లెక్కలో చెప్పాలంటే రోజూ ఐదు దోసెలకు పైగా ఒక్క భయానికే పోస్తున్నావు, ఆ డబ్బు పోయేది రూము యజమానికి. సీల్డ్ టెండరు పిలిచేవాళ్లకు భయస్తులు వస్తే లాభమని ఈ శాస్త్రంలో ఎప్పుడో తేలిపోయింది. బహిరంగ వేలంలో ఈ బాధ ఉండదు, నీ హద్దు దాకా పాడి, దాటగానే ఆగిపోవడమే, ధైర్యవంతుడైనా పిరికివాడైనా ఆగే చోటు మారదు. నీ నోటీసు మళ్లీ చదువు, ‘టెండర్ కమ్ వేలం’ అని ఉంటే కవరుతో పాటు నోటితో పాడే అవకాశం కూడా ఉంటుంది, అప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆఫీసులో కనుక్కో.

సంభావ్యత యాడ నుంచి తేవాలని అడిగావే, అది చాలా మంచి ప్రశ్న, పెద్ద పెద్దవాళ్లే తల పట్టుకున్న ప్రశ్న. పాచికకు ఆరు ముఖాలని తెలుసు, అక్కడ తెలీనిదాన్ని కొలవొచ్చు. కొలవడానికే వీల్లేని తెలియనితనం వేరని ఫ్రాంక్ నైట్ అనే ఆర్థికవేత్త 1921లోనే విడదీసి చెప్పాడు. గేమ్ థియరీలో జాన్ హర్సానీ 1967, 68లలో ఒక దారి వేశాడు, ఎదుటివాడిలో మనకు కనపడని దానికి కూడా సంభావ్యతలు పెట్టి లెక్క చెయ్యొచ్చని, నీ వీడియోలో చెప్పింది ఆ దారే, నేను పైన వేసిన లెక్కా ఆ దారిదే. అయితే మనుషులు అలా ఆలోచించరని డేనియల్ ఎల్స్‌బర్గ్ 1961లో ఒక చిన్న పెట్టెతో చూపించాడు, విక్రీ లెక్క వచ్చిన ఏడాదే. (వియత్నాం యుద్ధం రహస్య పత్రాలను 1971లో పత్రికలకు ఇచ్చింది ఈయనే.) పెట్టెలో 90 బంతులు, 30 ఎరుపు. మిగతా 60లో నలుపెన్నో పసుపెన్నో చెప్పరు. ఎరుపు వస్తే వంద, లేదా నలుపు వస్తే వంద, ఏది కావాలంటే చాలామంది ఎరుపు అంటారు. ఇప్పుడు పందెం మార్చి, ‘ఎరుపు లేదా పసుపు’ కావాలా, ‘నలుపు లేదా పసుపు’ కావాలా అంటే అదే మనుషులు నలుపు-పసుపు వైపు పోతారు, ఎందుకంటే అవి 60 అని ఖాయంగా తెలుసు. మొదటిసారి నలుపు తక్కువుందన్నట్టు, రెండోసారి నలుపు ఎక్కువుందన్నట్టు. వాళ్ల బుర్రలో ఏ ఒక్క సంభావ్యతా లేదు, తెలీని దాన్నుంచి దూరంగా పోవడమే ఉంది. 1989లో ఇట్జాక్ గిల్బోవా, డేవిడ్ ష్మైడ్లర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనికి ఒక రూపం ఇచ్చారు: మనిషి ఒక సంభావ్యత పెట్టుకోడు, కొన్ని పెట్టుకుని, వాటిలో తనకు అన్నిటికంటే చెడ్డదాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకుంటాడని.

నీకు ముగ్గురని ఒకరు, పదిమందని ఒకరు చెప్పారు. రాత్రి పడుకున్నాక నీ బుర్ర ఏది పట్టుకుంటోంది? పదిమందినే. ఆ పదిమందీ 20 వేల హద్దున్నవాళ్లే అన్నట్టు కూడా అనిపిస్తుంది. అందుకే మీ బావ మాట అంత బలంగా వినిపిస్తోంది. ఈ తెలియనితనాన్ని పూర్తిగా పోగొట్టలేవు, కానీ కొంత కోసెయ్యొచ్చు. ఈ ఒక్క రూము కోసం ఎంతమంది టెండరు ఫారం తీసుకున్నారు, పోయినసారి ఇలాంటి రూముకు ఎన్ని కవర్లు పడ్డాయి, ఎంతకు పోయింది అని పక్క షాపువాళ్లను అడుగు, కవర్లు అందరి ముందే విప్పి చదువుతారు కాబట్టి చాలామందికి గుర్తుంటుంది. ఫారాలు తీసుకున్నవాళ్లలో అందరూ వెయ్యరు. ధరావత్తు డీడీ తియ్యాలి అనగానే కొంతమంది అక్కడే ఆగిపోతారు.

కవర్లు అందరి ముందు చదువుతారు అన్నాను కదా, దాంట్లో ఇంకో ఉచ్చు ఉంది. 500 తేడాతో పోతే ‘ఇంకో 500 రాసుంటే’ అని జన్మంతా మనసు పీకుతుందని ఇప్పటినుంచే అనిపిస్తుంది. 2007లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఓడిపోతే గెలిచిన ధర ఎంతో మీకు చెబుతాం అని ముందే చెప్పినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ ధరలు రాశారు. జరగని బాధకు ముందే డబ్బు కట్టారన్నమాట. నిన్ను నువ్వు ఒక మాట అడుగు: రూము రాకపోతే రేపు పొద్దున నీ బండి ఉంటుందా, ఉండదా? ఉంటుంది. గిరాకీ ఉంటుంది, ఇంకో టెండరు ఎప్పుడో వస్తుంది. అలాంటప్పుడు నువ్వు ఇన్సూరెన్సుకు పెద్దగా కట్టక్కర్లేదు. బండి తీసెయ్యమని చెప్పి ఉంటే, ఈ రూము తప్ప వేరే చోటు లేకపోతే, నేనే నిన్ను పైకి రాయమనేవాణ్ని.

ఎంత రాయాలో చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. వారం లెక్క తర్వాత నీ హద్దు 18 గానే నిలబడి, నువ్వు కాక ఇద్దరో ముగ్గురో గట్టిగా వేస్తారనిపిస్తే 14,700కు, 15,500కు మధ్య రాయి. హద్దు 16కు దిగిపోతే కనీస ధర మీద నీ జాగా 8 వేలే, అప్పుడు పోటీదారులు ఇద్దరుంటే 13,333 చుట్టూ. చూశావా, పోటీదారులు ఇద్దరా ముగ్గురా అన్నదానితో మారేది 833 రూపాయలే, హద్దు 18 నుంచి 16కు దిగితే మారేది 1,333. అందుకే నీ వారం రోజుల కష్టం కాంప్లెక్సు ముందు పెట్టమంటున్నా. అంకె గుండుగా 15,000 రాయొద్దు, అలా రాసేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. మనవాళ్లు శుభమని చివర నూట పదహార్లు కలుపుతారు కాబట్టి 15,116 కూడా వద్దు, 15,130 అనో 15,170 అనో రాయి.

మీ నాయనకు ఈ ఉత్తరం చదివి వినిపించు, జనం సంగతి ముందు చూడమన్నది ఆయనే. మీ బావను కవరు వేసే రోజు మాత్రం వెంట తీసుకుపోవద్దు, గేటు దగ్గర పదిమంది కనపడగానే ఇంకో వెయ్యి కలపమంటాడు. ఇంట్లోనే అంకెల్లో, అక్షరాల్లో రెండు విధాలా రాసి, డీడీ జత చేసి, కవరు అంటించి, ఆ తర్వాతే బయల్దేరు.